కూలర్ ఆపేసి కొలిచే క్రయోస్టాట్: నైట్రోజన్ గడ్డ పెట్టె ఎంతవరకు పనికొస్తుంది

గామా కిరణాల శక్తిని కొలిచే గామా స్పెక్ట్రోమీటర్‌లో జెర్మేనియం స్ఫటికాన్ని అతిచల్లగా ఉంచాలి. దానికి ఎలక్ట్రిక్ కూలర్ అమ్మేవాళ్లు బ్రోషర్‌లో చిన్న అక్షరాలతో సరిపెట్టే సంగతి వణుకు. స్టిర్లింగ్ కూలర్‌లో పిస్టన్ సెకనుకు 50, 60 సార్లు ఆడుతుంది. ఆ ఊపు కోల్డ్ ఫింగర్ (కూలర్ చల్లని కొస) గుండా జెర్మేనియం స్ఫటికం దాకా పాకితే, స్ఫటికానికీ చుట్టూ ఉన్న లోహానికీ మధ్య కెపాసిటెన్స్ రవ్వంత మారుతుంది. అక్కడ వేల వోల్టులు నిలబడి ఉంటాయి కాబట్టి ఆ రవ్వంత మార్పునే ప్రీయాంప్లిఫయర్ (స్ఫటికం సిగ్నల్‌ను ముందుగా పెంచే సర్క్యూట్) సిగ్నల్ అనుకుంటుంది. మైక్రోఫోనిక్స్ అనేది ఇదే. కోబాల్ట్-60 ఇచ్చే 1332 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శిఖరం దగ్గర దీని ప్రభావం అంతగా కనబడదు. అమెరీషియం-241 ఇచ్చే 59.5 దగ్గర మాత్రం శిఖరం పాదాలు పరుచుకుని కూర్చుంటాయి.

ద్రవ నైట్రోజన్ డ్యూవార్‌లో (ఫ్లాస్కు లాంటి పాత్రలో) పిస్టన్ లేదు గానీ బుడగలున్నాయి. పైగా 30 లీటర్ల డ్యూవార్‌ను వారానికోసారి నింపాలి. నింపిన కాసేపటివరకు లోపల కుతకుతలు తగ్గవు.

ఈ రెంటికీ మధ్య దారి చూపిస్తామంటూ వచ్చినదే ఈ పెట్టె, అంటే లోపలిదాన్ని అతిచల్లగా నిలిపే క్రయోస్టాట్. కూలర్ నడిచినంతసేపు ఒక రాగి గిన్నెలో నైట్రోజన్‌ను గడ్డ కట్టిస్తుంది. కొలత మొదలయ్యే వేళకు కూలర్ ఆపేస్తాం. గడ్డ కరిగేదాకా డిటెక్టర్ 63.15 కెల్విన్ దగ్గర నిలబడుతుంది. చేపల బండిలో ఐసు చేసే పనే, ఉష్ణోగ్రత ఒక్కటే తేడా. తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటివి కొనేటప్పుడు చూడాల్సింది పేరు కాదు, లోపలి అమరిక.

ముందే చెప్పేస్తే మంచిది: చల్లదనాన్ని దాచుకునే గిన్నె చాలా బాగుంది. ఆగిన కూలర్ నుంచి ఆ గిన్నెను విడదీసే హీట్ స్విచ్ ఫరవాలేదు. గ్యాస్ గొట్టాలు, గేజ్, మాన్యువల్ మాత్రం హడావుడిగా చేసినట్టున్నాయి. వాటిని బాగు చేసుకోగలిగిన ల్యాబుకే ఇది పనికొస్తుంది.

లోపల ఏముంది

గిన్నె లోపలి పరిమాణం 300 ఘన సెంటీమీటర్లు. ఆక్సిజన్ లేని మేలురకం రాగి. లోపల 3 మిల్లీమీటర్ల ఎడంతో రాగి రెక్కలు అడుగుదాకా దిగి ఉన్నాయి. ఈ రెక్కల్ని దండగ ఖర్చు అనుకోకూడదు. ఘన నైట్రోజన్ వేడిని చాలా తక్కువగా మోస్తుంది, మీటరుకు కెల్విన్‌కు 0.2 వాట్ల చుట్టుపక్కల. రెక్కలు లేని గిన్నెలో గోడ పక్కనున్న పొర కరిగిపోతుంది, నడుమ గడ్డ అలాగే మిగిలిపోతుంది, గోడ ఉష్ణోగ్రత మాత్రం మెల్లగా ఎక్కిపోతుంది. గడ్డ ఉన్నా ఫలితం ఉండదు. పైగా కరిగిన ద్రవం కిందికి జారుతుంది కాబట్టి రెక్కలు పైభాగంలోనే ఆగిపోతే చివరి గంట పాడవుతుంది. ఈ పెట్టెలో ఆ లోపం లేదు.

గిన్నెకు సన్నని స్టీల్ గొట్టంతో బయటి 20 లీటర్ల ట్యాంకు కలిపి ఉంది. మొత్తం నైట్రోజన్ 200 గ్రాములు. గది వేడిలో ఉన్నప్పుడు అదంతా వాయువుగా ట్యాంకులో ఉంటుంది, గిన్నె చల్లబడితే అందులోకి వచ్చి ద్రవమై, ఆపైన గడ్డ కడుతుంది. మళ్లీ మళ్లీ నింపే పని లేదు. నైట్రోజన్ బయటికి పోదు, గదిలో ఆక్సిజన్ తగ్గుతుందన్న బెంగా లేదు.

లెక్క చూద్దాం. నైట్రోజన్ కరగడానికి గ్రాముకు 25.7 జౌళ్లు కావాలి. చల్లబడ్డాక కూడా ట్యాంకులో 3 గ్రాముల దాకా వాయువుగానే మిగులుతుంది కాబట్టి గిన్నెలో చేరేది 197 గ్రాములు, అంటే సుమారు 5,070 జౌళ్ల నిల్వ. గిన్నె మీద పడే వేడి అర వాట్ అనుకుంటే 2 గంటల 50 నిమిషాలు వస్తుంది. ఆ అర వాట్‌లో డిటెక్టర్ పలక, తీగలు కలిసి 0.15, గిన్నెను నిలబెట్టే ఆధారాలు, చుట్టూ పొరల గుండా వచ్చే వేడి కలిసి 0.2, తెరిచి ఉన్న (అంటే కూలర్‌ను విడదీసిన) హీట్ స్విచ్ గుండా 0.15.

గడ్డంతా కరిగాక ఏమవుతుందో మాన్యువల్ చెప్పదు గానీ గామా వాళ్లకు అది మంచి వార్తే. 200 గ్రాముల ద్రవం, 2 కిలోల రాగి కలిసి ఒక కెల్విన్ పెరగడానికి అర వాట్ దగ్గర దాదాపు అరగంట పడుతుంది. జెర్మేనియానికి 63 దగ్గరే ఉండాలన్న పట్టుదల లేదు, 90 దగ్గరా హాయిగా పనిచేస్తుంది. కాబట్టి 2 గంటల 50 నిమిషాలనేది ఉష్ణోగ్రత కదలకూడని కొలతలకు పెట్టిన గడువు. మామూలు గామా స్పెక్ట్రమ్‌కు ఇంకా గంటలు దొరుకుతాయి. అప్పుడు కూడా లోపల కుతకుతలుండవు. మూసిన పాత్రలో ఉష్ణోగ్రతతో పాటే పీడనమూ పెరుగుతుంది కాబట్టి ద్రవం పైమట్టం నుంచి మెల్లగా ఆవిరవుతుందే తప్ప ఉడకదు.

గ్యాస్ నింపడం: ఎక్కువ తప్పులు ఇక్కడే

వేడిగా ఉన్నప్పుడు ట్యాంకులో పీడనం దాదాపు 8.9 బార్. అది సంపూర్ణ పీడనం. బెంగళూరు 900 మీటర్లు దాటిన ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ గాలి పీడనం 0.91 బార్ దగ్గర ఉంటుంది. అందువల్ల గేజ్ మీద 8.0 కనిపించాలి. ఈ లెక్క 27 డిగ్రీలకు. గది ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే 0.03 బార్ సర్దుకోవాలి.

పెట్టెతో వచ్చిన గేజ్ సున్నా నుంచి పైకి మాత్రమే చూపించే రకం. ఇది నేరుగా మార్చేయాల్సిన వస్తువు. గిన్నె గడ్డకట్టాక ట్యాంకులో మిగిలేది 0.125 బార్, అంటే ఊరి గాలి పీడనానికి 0.79 బార్ తక్కువ. మామూలు గేజ్ ముల్లు సున్నా దగ్గర ఒదిగి పడుకుంటుంది, మీకు ఏమీ చెప్పదు. సున్నాకు రెండువైపులా చూపించే కాంపౌండ్ గేజ్ గానీ, సంపూర్ణ పీడనం చూపించే ట్రాన్స్‌డ్యూసర్ గానీ పెట్టించండి. పెట్టాక ఆ గేజే మీకు రెండో థర్మామీటర్ అవుతుంది. గిన్నె 100 కెల్విన్ దగ్గరికి దిగేసరికి ముల్లు చకచకా పడటం మొదలవుతుంది, ఎందుకంటే 9 బార్ దగ్గర నైట్రోజన్ ద్రవమయ్యేది ఆ చుట్టుపక్కలే. 0.125 బార్ దగ్గర అరగంట కదలకుండా నిలబడితే గడ్డ కడుతోందని అర్థం. అక్కడి నుంచి మళ్లీ పడి 0.06కు వస్తే అంతా గడ్డకట్టి 60 కెల్విన్‌కు దిగిందని అర్థం. సిలికాన్ డయోడ్ థర్మామీటర్ చెప్పేది దీంతో కలవకపోతే ముందు డయోడ్‌నే అనుమానించండి. తీగలు సరిగ్గా అతికించకపోతే అది గిన్నెకన్నా వెచ్చగా చూపిస్తుంది.

చల్లగా ఉన్నన్నాళ్లూ లోపలి పీడనం బయటికన్నా తక్కువ. ఏ జాయింటు కారినా నైట్రోజన్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. సబ్బునీళ్ల పరీక్షలో బుడగ రాలేదని నిశ్చింతగా ఉంటే నెలల మీద ఆక్సిజన్, తేమ, కార్బన్ డయాక్సైడ్ గిన్నెలో చేరతాయి. ఆక్సిజన్ కలిస్తే కరిగే ఉష్ణోగ్రత కిందికి జారి, నిలకడగా ఉండాల్సిన గీత వాలిపోతుంది. తేమ అంతకన్నా చెడ్డది, గొట్టం మూతి దగ్గరే మంచై కూర్చుంటుంది. ఈ పెట్టెలో ట్యాంకు వైపు రెండు జాయింట్లు టెఫ్లాన్ టేపు చుట్టిన మర జాయింట్లు. వాటి స్థానంలో లోహపు గ్యాస్కెట్ ఉండే వీసీఆర్ ఫిట్టింగులు వేయించండి. బెంగళూరు పారిశ్రామికవాడ పీన్యాలో స్టీల్ గొట్టాలకు ఆర్గాన్ వెల్డింగ్ శుభ్రంగా చేసే వర్క్‌షాపులు దొరుకుతాయి. వెల్డింగ్ చేసేటప్పుడు గొట్టం లోపలి నుంచి కూడా ఆర్గాన్ పారించమని ముందే చెప్పాలి, లేకపోతే లోపలివైపు నల్లగా కాలి పొలుసులు రాలతాయి.

నింపే క్రమం ఇదీ. హీలియం లీక్ డిటెక్టర్‌తో ప్రతి జాయింటూ చూడాలి, సెకనుకు 10⁻⁹ మిల్లీబార్ లీటర్ స్థాయికి శుభ్రంగా ఉండాలి. తర్వాత గిన్నె, గొట్టం, ట్యాంకు కలిపి 60 డిగ్రీల దాకా వెచ్చజేస్తూ 10⁻³ మిల్లీబార్ కిందికి పంపు చేయాలి. 99.999 శాతం నైట్రోజన్ రెండు బార్ నింపి, మళ్లీ ఖాళీ చేసి, ఇలా మూడుసార్లు కడగాలి. సిలిండర్ రెగ్యులేటర్‌నూ దాని గొట్టాన్నీ కూడా ఈ కడుగుడులో కలపాలి, గాలి దాక్కునేది అక్కడే. ఆ తర్వాత గేజ్ మీద 8 బార్ నింపి, కవాటం మూసి, ఒక రాత్రి ఉంచి, గది ఉష్ణోగ్రతతో సరిచూసుకోవాలి. మామూలు ఇండస్ట్రియల్ సిలిండర్‌తో సరిపెట్టుకోవద్దు. ఒకే ఒక్కసారి నింపే 200 గ్రాముల దగ్గర పొదుపు చూసుకోవడంలో అర్థం లేదు.

అసలు ప్రమాదం సన్న గొట్టం పూడుకుపోవడం. గిన్నె నిండకముందే గొట్టం చల్లబడితే అందులోనే నైట్రోజన్ గడ్డకట్టి బిరడా అవుతుంది. బయట గేజ్ ఏదో అంకె చూపిస్తూనే ఉంటుంది, కానీ దానికీ గిన్నెకూ సంబంధం తెగిపోయి ఉంటుంది. వెచ్చబడేటప్పుడు గిన్నెలోది ముందు కరిగి, బిరడా తర్వాత కరిగితే ఆ మధ్యలో పీడనానికి దారి ఉండదు. 200 గ్రాముల నైట్రోజన్ 300 ఘన సెంటీమీటర్లలో బంధించి గది వేడికి తెస్తే ఆదర్శ వాయువు లెక్కలోనే 590 బార్. ఏ రాగి గిన్నే దానికి నిలవదు. అందుకే గొట్టం గిన్నె పైభాగంలోకే రావాలి, చల్లని పలకకు ఎక్కడా తగలకూడదు, కింది కొసన చిన్న హీటర్ ఉండాలి. ఈ పెట్టెలో మొదటి రెండూ ఉన్నాయి, హీటర్ లేదు. 50 ఓమ్‌ల మాంగనిన్ తీగ చుట్టి వార్నిష్ పూస్తే అర వాట్ చాలు. ఇది కాక గిన్నెకే బరస్ట్ డిస్క్ ఉందా, అది పగిలితే వచ్చే వాయువు క్రయోస్టాట్ బయటికి పోయే రిలీఫ్ పలక ఉందా అని చూడాలి. ఇందులో రెండూ ఉన్నాయి, అది మెచ్చుకోవాల్సిందే.

ఘన నైట్రోజన్‌ను తేలిగ్గా తీసుకోకూడదని హబుల్ టెలిస్కోప్ ఇప్పటికే నేర్పింది. 1997 ఫిబ్రవరిలో దానికి అమర్చిన నిక్‌మాస్ పరికరం ఘన నైట్రోజన్‌తోనే చల్లబడేది. గడ్డ వెచ్చబడి వ్యాకోచించి లోపలి పాత్రను నెట్టింది, చల్లని భాగం ఒకటి పక్కనున్న వెచ్చని కవచానికి తగిలింది, వేడి లోపలికి కారింది. నాలుగేళ్లకు పైగా రావాల్సిన నిల్వ 1999 జనవరికే అయిపోయింది. 2002లో దానికి మెకానికల్ కూలర్ పెట్టాల్సి వచ్చింది. మన 300 ఘన సెంటీమీటర్ల గిన్నెలో 70 ఘన సెంటీమీటర్లు ఖాళీ వదలడం వెనక ఉన్న సంగతి ఇదే. ఎక్కువసేపు వస్తుందని ఆశపడి 10 బార్ నింపేవాళ్లు ఆ ఖాళీనే తినేస్తున్నారు.

హీట్ స్విచ్

కూలర్ ఆగిందంటే అది చల్లబరచడం మానేయడమే కాదు, వేడిని లోపలికి మోసే కడ్డీ అవుతుంది. ఈ పరిమాణపు కోల్డ్ ఫింగర్ ఆగి ఉన్నప్పుడు 0.6 వాట్ల దాకా లోపలికి వదులుతుంది. నేరుగా గిన్నెకు బిగిస్తే మొత్తం భారం అర వాట్ నుంచి 0.95 అవుతుంది, 2 గంటల 50 నిమిషాలు గంటన్నరకు పడిపోతాయి. కాబట్టి చల్లదనం నిల్వ చేసే ఏ పెట్టెనైనా గిన్నె సైజు చూసి కాదు, స్విచ్ చూసి కొనాలి.

ఇక్కడ వాడినది గ్యాస్ గ్యాప్ స్విచ్. ఒకదానిలో ఒకటి దూరిన రెండు రాగి స్తంభాలు, మధ్య 0.1 మిల్లీమీటర్ సందు, ఎదురెదురు వైశాల్యం 50 చదరపు సెంటీమీటర్లు, రెంటినీ పట్టి ఉంచే పల్చటి గొట్టం. సందులో కొన్ని మిల్లీబార్ల హీలియం ఉంటే కెల్విన్‌కు రెండున్నర వాట్ల దాకా మోస్తుంది. హీలియం లాగేస్తే మిగిలేది గొట్టం గోడ మాత్రమే. ఆ గోడ స్టెయిన్‌లెస్ స్టీలైతే 0.2 వాట్లు దాటుతుంది, టైటానియం మిశ్రమమైతే సుమారు సగం. ఇందులో వాడినది టైటానియమే, అందుకే స్విచ్ పద్దు 0.15 దగ్గర ఆగింది.

నడిపే వరస తప్పితే దీని ఉపయోగం సున్నా, కానీ మాన్యువల్‌లో ఈ ముక్కలు లేవు. ఆపేటప్పుడు: కూలర్ నడుస్తుండగానే హీలియం లాగేయాలి. లాగిన కొద్ది నిమిషాలకు కూలర్ కొస ఉష్ణోగ్రత గబగబా 50 కెల్విన్ కిందికి దిగాలి, భారం తప్పింది గనుక. అలా దిగకపోతే స్విచ్ తెరుచుకోలేదు, ఆపొద్దు. దిగాక కవాటం మూసి, పంపు ఆపి, చివరగా కూలర్ ఆపాలి. మళ్లీ మొదలెట్టేటప్పుడు: ముందు కూలర్, దాని కొస 65 దిగాక హీలియం. తొందరపడి ముందే హీలియం వదిలితే 200 కెల్విన్ దాకా వెచ్చబడ్డ కోల్డ్ ఫింగర్ తన వేడినంతా గిన్నెలో కుమ్మరిస్తుంది.

ఈ స్విచ్‌లో నచ్చనిది ఒకటే: హీలియం కవాటానికి విటాన్ ఓ-రింగులు వాడారు. హీలియం రబ్బరు గుండా మెల్లగా ఊరుతూ బయటికి, లోపలికి తిరుగుతుంది. సందులో మిగలాల్సిన శూన్యం మూడు గంటల్లో చెడితే స్విచ్ దానంతటదే సగం మూసుకుంటుంది. 63 కెల్విన్ దగ్గర బొగ్గు నీటి ఆవిరినీ నైట్రోజన్‌నూ పట్టుకుంటుంది, హీలియాన్ని మాత్రం పట్టుకోలేదు కాబట్టి లోపలి గెట్టర్ (మిగిలిన వాయువుల్ని పట్టుకునే బొగ్గు) మీద ఆశ పెట్టుకోవద్దు. లోహపు సీటున్న కవాటం వేయిస్తే సరి.

మొదటిసారి గది వేడి నుంచి దిగడానికి 6 నుంచి 8 గంటలు. సాయంత్రం పెడితే తెల్లారేసరికి సిద్ధం. ఆ తర్వాత కరిగిన గడ్డను మళ్లీ కట్టించడానికి, కూలర్ నికరంగా మూడున్నర వాట్లు ఇస్తే, అరగంట లోపే. ఈ నిష్పత్తే దీని అసలు బలం: దాదాపు మూడు గంటల నిశ్శబ్దానికి అరగంట రొద.

వణుకు నిజంగా తగ్గిందా

పరీక్ష సులువు. ప్రీయాంప్లిఫయర్ టెస్ట్ ఇన్‌పుట్‌కు ఒకే సైజు పల్సులిచ్చే పల్సర్ పరికరం కలిపి, దాని గీత వెడల్పు కూలర్ నడుస్తుండగా ఒకసారి, ఆపాక ఒకసారి కొలవాలి. స్ఫటికం నాణ్యతతో సంబంధం లేకుండా ఎలక్ట్రానిక్ రొద ఒక్కటే బయటపడుతుంది. షేపింగ్ టైమ్ (పల్సును మలిచే సమయం) 6 మైక్రోసెకన్ల నుంచి 2కు తగ్గిస్తే వెడల్పు బాగా పడిపోయిందా, అది తక్కువ పౌనఃపున్యపు రొద, వణుకు అనుమానం గట్టిది.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. కూలర్ ఆపగానే రొద పోయింది కాబట్టి అది వణుకే అనేస్తారు. కూలర్‌తో పాటు దానికి కరెంటు ఇచ్చే డ్రైవర్ ఇన్వర్టర్ కూడా ఆగింది కదా! విడదీసి చూడాలంటే కూలర్ కేబుల్ తీసి, డ్రైవర్‌కు అంతే భారమిచ్చే కాయిల్, రెసిస్టర్ తగిలించి నడపాలి. ఈ సామాను బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్‌లో దొరికేదే. రొద అలాగే ఉంటే సమస్య ఎర్త్ లూప్‌ది. అప్పుడు మీకు కావాల్సింది నైట్రోజన్ గిన్నె కాదు, సరైన గ్రౌండింగ్. ఈ ఒక్క పరీక్ష కొనుగోలుకు ముందే చేస్తే పెట్టె అవసరమే లేదని తేలే ల్యాబులూ ఉంటాయి.

కూలర్ ఆగినంత మాత్రాన బయటి ప్రపంచం ఆగదు. తుమకూరు రోడ్డు లారీలు, మెట్రో, పక్క గదిలో రోటరీ పంపు, అన్నీ నేల గుండా వస్తూనే ఉంటాయి. టర్బో పంపుకు వెళ్లే బెల్లోస్ గొట్టాన్ని ఇసుక నింపిన పెట్టె గుండా తీసుకెళ్లడం పాత పద్ధతే గానీ ఇప్పటికీ దానికి సాటి తక్కువ. గిన్నె నుంచి డిటెక్టర్ పలకకు వెళ్లే రాగి అల్లిక పట్టీని బిగుతుగా లాగి కట్టొద్దు, వదులుగా వేలాడాలి.

ఆర్గాన్ పోస్తే?

బ్రోషర్‌లో లేని సంగతి ఇది, గామా పనికి మాత్రం ఇదే మేలు. ఆర్గాన్ కరిగేది 83.8 కెల్విన్ దగ్గర, కరగడానికి గ్రాముకు 29.6 జౌళ్లు, పైగా ద్రవం నైట్రోజన్ కన్నా చాలా బరువు. ఇదే గిన్నెకు 325 గ్రాములు పోస్తే, 83.8 దగ్గర పీడనం 0.69 బార్ కాబట్టి 22 గ్రాములు ట్యాంకులో ఉండిపోయినా, గిన్నెలో చేరే 303 గ్రాములు దాదాపు 9,000 జౌళ్లు దాస్తాయి. అర వాట్ దగ్గర 5 గంటలు. కూలర్‌కు కూడా 84 దగ్గర పని సులువు, లోపలికి గాలి పీల్చుకునే బెడదా తగ్గుతుంది. ట్యాంకు వేడి పీడనం 10 బార్ దాటుతుంది, కాబట్టి ట్యాంకు ఎంత పీడనానికి పరీక్షించారో సర్టిఫికెట్ చూడకుండా పోయొద్దు. ఆర్గాన్ కరిగేటప్పుడు నైట్రోజన్ కన్నా ఎక్కువగా ఉబ్బుతుంది, ఖాళీ తప్పనిసరిగా వదలాలి. వెల్డింగ్ ఆర్గాన్ వద్దు, ఇక్కడా 99.999 శాతమే. ఎస్‌టీఎం (పరమాణువుల స్థాయిలో ఉపరితలాన్ని చూపే సూక్ష్మదర్శిని) వాళ్లకు, చల్లదనం ఎంత ఉంటే అంత మేలయ్యే పనులకు నైట్రోజనే.

అసలు కొనాలా

ద్రవ నైట్రోజన్ రోజూ వచ్చే క్యాంపస్‌లో ఉంటే దీనికన్నా చవక దారి ఒకటుంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో (భారతీయ విజ్ఞాన సంస్థలో) క్రయోజెనిక్స్ కేంద్రం ఏళ్ల తరబడి ద్రవ నైట్రోజన్, ద్రవ హీలియం తయారుచేసి అందిస్తోంది. అలాంటి చోట మామూలు బాత్ క్రయోస్టాట్‌లో నైట్రోజన్ పోసి, గంటకు 10 ఘన మీటర్ల రోటరీ పంపుతో ఆవిరి లాగితే ద్రవమే గడ్డకడుతుంది. బుడగలు ఆగిపోతాయి. ఇందుకు పోసినదానిలో పావు వంతు దాకా పోతుంది. లీటరు పోస్తే 600 గ్రాముల గడ్డ మిగులుతుంది. కవాటం మూసి పంపు ఆపితే, అర వాట్ భారానికి 63.15 దగ్గర 8 గంటలకు పైగా నిలుస్తుంది. కావాల్సినవి పంపు, మంచి కవాటం, మరిచిపోకూడని రిలీఫ్ వాల్వ్. మూసిన క్రయోస్టాట్‌ను అలాగే వదిలి ఇంటికెళ్లిపోతే కరిగి, ఉడికి, పీడనం ఎక్కుతుంది, అప్పుడు ఆ వాల్వే దిక్కు.

తెరిచి ఉంచిన బాత్‌లో ఇంకో చిక్కు ఉంది, దాన్ని తక్కువమంది లెక్కపెడతారు. బెంగళూరు ఎత్తులో నైట్రోజన్ 77.35 దగ్గర కాదు, 76.5 దగ్గర ఉడుకుతుంది. గాలి పీడనం ఇక్కడ రోజుకు రెండుసార్లు లేచి పడుతుంది, మూడు నాలుగు హెక్టోపాస్కల్స్. హెక్టోపాస్కల్‌కు 9 మిల్లీకెల్విన్ చొప్పున మీ బాత్ కూడా రోజూ ముప్పై దాటి ఊగుతుంది. గామా డిటెక్టర్‌కు దీనితో పనిలేదు. నానోమీటర్ల డ్రిఫ్ట్ లెక్కపెట్టే ఎస్‌టీఎంకు పనుంది. మూసిన గిన్నెలో కరుగుతున్న గడ్డకు బయటి వాతావరణం సంగతే తెలియదు.

కరెంటు విషయంలో పెట్టెకు ఇంకో లాభం. కూలర్ లాగేది 200 వాట్ల లోపే, చిన్న యూపీఎస్ చాలు. అదీ లేక స్విచ్ మూసి ఉండగా కరెంటు పోయినా గంటన్నర గడువుంది. ఆ గడువు దాటి డిటెక్టర్ సగం వెచ్చబడితే మాత్రం వెంటనే మళ్లీ చల్లబరచొద్దు. వోల్టేజ్ తీసేసి, పూర్తిగా గది వేడికి రానిచ్చి, అప్పుడు మొదలెట్టాలి. సగంలో చల్లబరిస్తే లోపలి గెట్టర్ వదిలిన తేమ స్ఫటికం మీదే చేరుతుంది, లీకేజ్ కరెంట్ పెరుగుతుంది.

ఇదే ఉపాయం 4 కెల్విన్‌కు కావాలని అడిగేవాళ్లుంటారు. అక్కడ కథ వేరు. ద్రవ హీలియం లీటరు మొత్తం ఆవిరైనా దాచేది 2.6 కిలోజౌళ్లే. రాగికి ఆ చలిలో వేడి పట్టే శక్తి దాదాపు ఉండదు. ఒక లీటరు హీలియాన్ని ఇలా 20 లీటర్ల ట్యాంకులో మూసి పెట్టాలంటే గది వేడిలో 39 బార్. కూలర్ కంప్రెసర్ ఒక్కటే ఏడు కిలోవాట్ల పైమాట. ఈ పెట్టెను పెద్దది చేస్తే అది రాదు.

కొటేషన్ అడిగేటప్పుడు గిన్నె ఎన్ని జౌళ్లు దాస్తుందని అడిగితే అమ్మేవాళ్లు సంతోషంగా చెబుతారు. దానితో పాటు రెండు అంకెలు రాతలో ఇమ్మనండి: స్విచ్ తెరిచి, కూలర్ ఆగి, కోల్డ్ ఫింగర్ పూర్తిగా వెచ్చబడ్డాక గిన్నె మీద పడే మొత్తం వేడి ఎన్ని వాట్లు, ఆ స్థితిలో మూడో గంట చివర స్విచ్ సందులో పీడనం ఎంత. మొదటిది 0.5 దాటినా, రెండోది 10⁻³ మిల్లీబార్ దాటినా, బ్రోషర్‌లోని గంటలు మీ ల్యాబులో రావు.